విమానాశ్రయ కొలువులు – మన యువజనులు



పుష్పకవిమానము యజమాని మనస్సు నెరిగి నడచెనని రామకథ చెప్పును. నేటి విమానము అట్టిది గాదు. నేలపై నిలిచి లెక్కించువారు, కనిపెట్టువారు, ఆజ్ఞనిచ్చువారు లేనిదే అది కదలదు. మన యువజనులు విమానమనగానే పైలటును తలచి, ఆ చదువునకు లక్షలు కావలయునని నిరాశ చెందుచున్నారు. కావున నేలమీది కొలువులను గూర్చి విన్నవించెదను.

వానిలో ముఖ్యమైనది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరు పని. అతడిచ్చిన ఆజ్ఞను పైలటు తిరిగి పలుకవలెను. ఆ పలుకు సరియైనదో కాదో కంట్రోలరు వినవలెను. 1977 మార్చి 27న స్పెయిను దేశపు టెనెరిఫె ద్వీపమున, పొగమంచులో, అనుమతి లభించినదని భావించి ఒక విమానము పరుగిడి, రన్‌వేపైనున్న వేరొక విమానమును ఢీకొనెను. 583 మంది మరణించిరి. అటుపిమ్మట ‘టేకాఫ్’ అను మాటను ఎగురుటకు అనుమతించునపుడును, దానిని రద్దుచేయునపుడును తప్ప వాడరాదని నియమమేర్పడెను. మాట విలువ ఇంతటిది!

ఇందలి గణితమునకు మూలము మన బడిలో నేర్పునదియే. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమున తూర్పుముఖముగా సాగు రన్‌వే సంఖ్య 09, పడమటిముఖమునకు 27. 90, 270 డిగ్రీల చివరి సున్న తీసివేయగా వచ్చినవే అవి.

1995లో ఏర్పడిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, భౌతిక గణితశాస్త్రములతో బి.యస్సి. గాని, ఇంజనీరింగు గాని చదివిన స్త్రీపురుషులను పోటీపరీక్ష ద్వారా ఈ పనికి ఎన్నుకొని శిక్షణ నిచ్చుచున్నది. ఆంగ్లమును స్పష్టముగా పలుకగలుగుట అత్యవసరము. రన్‌వేపై ఏ మూలకైనను 3 నిమిషములలో చేరవలసిన అగ్నిమాపక దళము, విద్యుద్దీపములు చూచు ఇంజనీర్లు, ప్రయాణికుల సౌకర్యములు చూచు టెర్మినల్ అధికారులు, పక్షులు విమానములకు తగులకుండ కాచువారు – ఇట్టి కొలువులు మరెన్నియో కలవు.

ఒక హెచ్చరిక. కొలువిప్పింతుమని పైకము గుంజు దళారులు గ్రామములందును తిరుగుచున్నారు. పరీక్ష రుసుము సంస్థకే చెల్లింపవలెను. దళారికి ఒక రూకయు ఈయరాదు. ‘కొలువు ఖాయము’ అను శిక్షణాలయమును, ఇంతవరకు ఎందరికి ఏ పని లభించినదో లిఖితపూర్వకముగ అడుగుడు. పొలము తాకట్టు పెట్టుటకు ముందే అడుగుడు.

కార్యవర్గమువారికి నా మనవి ఒకటి. గణిత, భౌతికశాస్త్ర, ఆంగ్ల గ్రంథములకు ఈ గ్రంథాలయమున ఒక బీరువా కేటాయింపుడు. సంస్థ స్వయముగా వెలువరించు నియామక ప్రకటనలను గోడపలకపై అంటింపుడు. దళారి మాటకన్న ముందుగా అసలు ప్రకటన మన బిడ్డల కంటబడినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.