తిమ్మమ్మ మఱ్ఱిమాను: ఒక చెట్టా, పలు చెట్లా?

శ్రీసత్యసాయి జిల్లా మెట్టసీమలో, కదిరికి సమీపమున గూటిబయలు గ్రామమున తిమ్మమ్మ మఱ్ఱిమాను ఇంచుమించు ఐదెకరములు పరచుకొనియున్నది. వేయికి మించిన ఊడలు నేలనానిన ఈ వృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఊడలన్నియు ఒక్క చెట్టువేనా, లేక పక్షులు రాల్చిన గింజల నుండి మొలచిన చెట్లును కలిసినవా? అంతయు ఒకే చెట్టైనచో, ఒక తెగులే సర్వమునకు ముప్పు కాగలదు. దీనిని కన్ను తేల్చజాలదు, కణములలోని డి.ఎన్.ఏ. తేల్చగలదు.

ఆకు కోసిన చాలదా యందుమేమో! కొమ్మలు పెనవేసికొన్న ఆ పందిరిలో ఏ ఆకు ఏ ఊడదో చెప్పలేము. కావున ఊడ నుండియే నమూనా తీయవలెను. పైబెరడు నిర్జీవము, లోని ముదురుకొయ్యలో జీవకణములు స్వల్పము. బెరడునకు కొయ్యకు నడుమనున్న పలుచని సజీవపు పొరయే మనకు కావలసినది.

పైబెరడు గీకి, గోరంత ముక్క తీసిన చాలును. ఊడఊడకును పనిముట్టు శుభ్రపరుపనిచో ఒకదాని కణములు వేరొకదానిలో కలిసి ఫలితము తప్పును. ఎండవేడికి తడిముక్క చెడును గనుక, వెంటనే సిలికాజెల్ గుళికలలో ఆరబెట్టి, దానిపై ఊడసంఖ్య వ్రాయవలెను. ప్రయోగశాలలో దానిని సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవనైట్రోజనులో గడ్డకట్టించి పొడిచేయుదురు. మఱ్ఱిపాలజిగురును, వగరును తొలగించిన పిమ్మటనే డి.ఎన్.ఏ. పరీక్షకు పనికివచ్చును.

ప్రజలు పూజించు మాను ఇది. అనుమతి లేనిదే ఉలి తాకరాదు. తాకినను గాయము గోరంతకు మించరాదు.