ఉన్న కాస్త వెలుగు



ఒక డ్రాయింగు మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు రంగుల గురించి మాట్లాడమన్నారు. రంగుల అడుగున ఉండేదాని గురించి మాట్లాడతానని బతిమాలుకున్నాను. బొమ్మను నిలబెట్టేది ముదురూ లేతా. ఆర్టు స్కూళ్లలో టోన్ అన్నా, వాల్యూ అన్నా, మన మాస్టార్లు వెలుగునీడలు అన్నా అదే. ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు ఎంత మెరిసిపోతున్నా, రెండూ ఒకే పాటి ముదురైతే బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో అంచు మాయమవుతుంది. మీ ఫోన్లలోనే చూసుకోవచ్చు, ఉపన్యాసం అయ్యాక.

ముందు ఒక లెక్క చెబుతాను. మిట్టమధ్యాహ్నం వీధి అరుగు మీద పడే ఎండ, వెలుగును కొలిచే లక్సుల్లో, లక్ష దాకా ఉంటుంది. అదే ఇంట్లో, నడిమి గదిలో, వంద ఉంటే గొప్ప. రెంటికీ తేడా వెయ్యి రెట్లు. ఇక కాగితం సంగతి. మంచి తెల్లకాగితం తన మీద పడ్డ వెలుగులో 80, 85 శాతం వెనక్కి పంపుతుంది. చిక్కటి నల్ల సిరా కూడా మూడు నాలుగు శాతం పంపుతూనే ఉంటుంది. అంటే చిత్రకారుడి చేతిలో ఉన్నది పాతిక రెట్ల తేడా, అంతే. కాబట్టి ఉన్నదున్నట్టు దించడమన్నది ఈ విషయంలో కుదిరే పని కాదు. గదిలో సామాన్లన్నీ కనబడాలంటే అరుగు మీద ఎండ చప్పబడుతుంది. ఎండ మండాలంటే గది చీకట్లో మునగాలి. చిత్రకారుడి సంగతి అతను దేన్ని వదులుకున్నాడో చూస్తే తెలుస్తుంది.

కారవాజ్జో గదిని ముంచేశాడు. రోములో సాన్ లూయీజీ దేయి ఫ్రాంచేజీ చర్చిలో 1599-1600లో ఆయన వేసిన 'మత్తయికి పిలుపు' ఉంది. సుంకాలు వసూలు చేసే మత్తయి బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు, క్రీస్తు వచ్చి చెయ్యి చాపుతాడు. పైభాగమంతా దాదాపు ఉత్త గోడ. గోడకు కిటికీ ఉంది గానీ వెలుగు అందులోంచి రాదు, కుడివైపు పైనుంచి ఏటవాలుగా దిగుతుంది. క్రీస్తు ఒళ్లంతా నీడలోనే ఉండిపోయి, ముఖంలో కొంతా చాచిన చెయ్యీ మాత్రమే పైకి తేలాయి. దేవుణ్ణి చీకట్లో నిలబెట్టి, పన్నులవాళ్ల ముఖాల మీద వెలుగు పోయడానికి చాలా తెగింపు కావాలి. రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్'ని కూడా ఇలా చీకట్లో ముంచిన బొమ్మల జాబితాలో చేర్చేస్తుంటారు. అది నిజానికి పగటి బొమ్మ. మీద పూసిన వార్నిష్ ఏళ్ల తరబడి నల్లబడి దానికి రాత్రి పేరు తెచ్చింది.

ఐరోపావాళ్లు వచ్చి నేర్పితేనే మనకు షేడింగు వచ్చిందనేవాళ్లు ఇంకా ఉన్నారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం దీన్ని వర్తన అని పిలిచి మూడు రకాలు చెప్పింది: ఆకు ఈనెల్లాంటి గీతలతో ఒకటి, సన్నని గీతలతో ఒకటి, చుక్కలతో ఒకటి. అజంతా మొదటి గుహలో పద్మపాణి ముఖం చూడండి. అంచుల్లో ముదురు, ముక్కు దూలం మీద లేత మెరుపు. అయితే ఆయన నీడ పక్కన ఎక్కడా పడదు. వెలుగు ఏ దిక్కునుంచి వస్తోందని అడిగితే జవాబు లేదు. ఇక్కడి ముదురూ లేతా సూర్యుడి లెక్కలోవి కావు, ఒంటి గుండ్రదనం చెప్పడానికి వాడుకున్నవి. రెంటినీ ఒకే గాటన కట్టి, అజంతా చిత్రకారులకు నీడ వెయ్యడం రాలేదని తీర్పు చెప్పడం నాకు నచ్చదు. వాళ్లకు దాని అవసరం లేదు.

లేపాక్షి గుడి కప్పు మీద ఆ గుండ్రదనం కూడా పోయింది. నల్లటి గీత లోపల చదునైన రంగు. అయినా బొమ్మలు కలిసిపోవు. ముదురు పక్కన లేత, లేత పక్కన ముదురు వచ్చేలా బట్టల్నీ ఒళ్లనీ అమర్చారు. షేడింగు ఒక్కటే వెలుగునీడల పని అనుకునే పిల్లల్ని ఓసారి అక్కడికి తీసుకెళ్లి వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ నొప్పి కూడా తప్పుతుంది.

తెలుగు వారపత్రికల బొమ్మలూ ఈ అమరిక మీదే బతికాయి. లెటర్‌ప్రెస్ కాలంలో కథల బొమ్మలకు లైను బ్లాకులే ఎక్కువ. లైను బ్లాకులో సిరా అంటుకుంటే నలుపు, లేకపోతే కాగితం, మధ్యలో బూడిదరంగు లేదు. అది కావాలంటే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి, నాసిరకం కాగితం మీద దాని చుక్కలు అలుక్కుపోయేవి. ఈ కట్టడిలోంచే బాపు బొమ్మల్లో ఒత్తయిన నల్ల జడ, పక్కనే ఖాళీగా వదిలేసిన చీర వచ్చాయని నా నమ్మకం. ఆ ఖాళీని కళ్లు చీరగా చదివేసుకుంటాయి.

నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినోకట్‌లో ఈ లెక్క తిరగబడింది. లినోలియం మీద ఉలితో తొలిచిన చోట సిరా అంటదు, అక్కడ తెల్లగా వస్తుంది. కాబట్టి ప్రతి ఉలిగాటూ కాస్త వెలుగు. కర్ర పట్టుకుని నడుస్తున్న మనిషికి కావలసినన్ని తెల్లగీతలే తొలిచి, తక్కినదంతా నల్లగా వదిలేశాడు. ఉప్పు సత్యాగ్రహం మీద వచ్చిన ఎన్నో రంగుల బొమ్మలకంటే ఇదే జనానికి గుర్తుండిపోయింది.

చివరగా, డ్రాయింగు నేర్పేవాళ్లకు ఒక మాట. కళ్లను నమ్మకండి. 1995లో ఎడ్వర్డ్ ఏడెల్సన్ అనే శాస్త్రవేత్త ఒక చదరంగపు బల్ల బొమ్మ గీశాడు. నీడలో ఉన్న తెల్ల గడీ, వెలుగులో ఉన్న నల్ల గడీ కాగితం మీద సరిగ్గా ఒకే బూడిదరంగు. తెలిసి చూసినా ఒకటని అనిపించదు. మెదడు నీడను లెక్కలోంచి తీసేసి, గడి తెల్లదేనని చెబుతుంది. అందుకే కళ్లు సగం మూసి చూడమనేది. వివరాలు చెరిగి, ముదురూ లేతా ముద్దలుగా మిగులుతాయి.

మన డ్రాయింగు క్లాసుల్లో శుభ్రతకు మార్కులు వేసి వేసి పిల్లలకు నలుపంటే భయం పట్టించాం. 6బి పెన్సిలు డబ్బాలో ఉంటుంది, చెక్కు చెదరదు. బొమ్మంతా హెచ్‌బి బూడిదలో తేలుతుంది. వచ్చే ఏడాది నుంచి ఒక టర్ము తెల్లకాగితం ఇవ్వకండి. గోధుమరంగు ప్యాకింగు కాగితం, బొగ్గు, ఒక్క సుద్దముక్క ఇవ్వండి. ఆ సుద్ద బొమ్మకు రెండు మూడు చోట్లకు మించి తగలకూడదని షరతు పెట్టండి. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి పిల్లలు ఎంతసేపు తీసుకున్నా తొందర పెట్టకండి.