శ్రమ తగ్గినది, పళ్లెము తగ్గలేదు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)

పంచాయతీ సభ్యులారా!

స్థూలకాయము పట్టణవాసులకు, ధనికులకు మాత్రమే వచ్చునను మాటను మేము గ్రామములలో తరచు వినుచున్నాము. అది నిజము కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో అధిక బరువు గలవారు 2015-16లో 33.2 శాతము, 2019-21 నాటికి 36.3 శాతము. ఈ రెండవ సర్వేలోనే ఐదేండ్లలోపు బిడ్డలలో 31.2 శాతము మంది వయసుకు తగిన ఎత్తు ఎదుగలేదని తేలినది. కడుపు నిండుట వేరు, పోషణ వేరు.

కారణమేమి? నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. ఏతాము పోయి మోటారు వచ్చినది. రోకలి పనిని మిల్లు చేయుచున్నది. పొలమునకు నడచిపోవువారు మోటారు సైకిలుపై పోవుచున్నారు. ఇది అభివృద్ధియే, మనము కోరుకొన్నదే. కాని నాగలి పట్టిననాటి అన్నపురాశి పళ్లెములో తగ్గలేదు. దంపుడు బియ్యము, జొన్న, రాగి వెనుకబడి, తెల్లని మరబియ్యము ముందుకు వచ్చినది. పప్పు, కూర పలుచబడినవి, నూనె పెరిగినది. గ్రాము పిండిపదార్థము 4 కిలోకాలరీల శక్తినిచ్చును. గ్రాము నూనె 9 ఇచ్చును. పెద్దలు దినమునకు 25 గ్రాములకు మించి చక్కెర కలుపుకొనరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. 250 మిల్లీలీటర్ల తీపి శీతల పానీయములో దాదాపు అంత చక్కెరయు ఉండును. వాడుకొనని శక్తి కొవ్వుగా నిలువయగును. దాని వెంట మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు వచ్చును. సంపాదించు మనిషి మంచమెక్కిన ఇల్లు అప్పుల పాలగును.

కావున లావైనవారిని పరిహసించుట తగదు. ఊరి అలవాట్లనే సరిదిద్దవలెను. పాఠశాల ఆటస్థలము ఆక్రమణకు గురికాకుండ కాపాడుడు. స్త్రీలు సాయంకాలము నిర్భయముగా నడచుటకు వీధిదీపములు గల బాట నొకటి ఏర్పరచుడు. గ్రామసభలో శీతల పానీయములకు బదులు మజ్జిగ పంచుడు. ఆశా కార్యకర్తలు 30 ఏండ్లు నిండినవారి నడుము కొలుచుచున్నారు. ఆ కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించిన, వారిని వైద్యుని వద్దకు పంపుడు.

వీనిలో పెక్కింటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక తీర్మానము, దానిని నిలుపుకొను పట్టుదల చాలును. ముందుగా సభ్యులే తమ నడుము కొలిపించుకొన్న, ఊరు వారి వెంట నడచును.