బ్యాలే అనే మాట, చేబ్రోలు అనే ఊరు

ఈరోజు టాపిక్ బ్యాలే. "గుంటూరోళ్ళకి బ్యాలేతో ఏం పని?" అనిపించొచ్చు. పని ఉందండి. మన ఊళ్ళలో సాంస్కృతిక కార్యక్రమాల కార్డులు ఒకసారి చూడండి. "కూచిపూడి బ్యాలే" అని వేస్తారు. శ్రీకృష్ణ పారిజాతం బ్యాలే, చండాలిక బ్యాలే. నృత్యనాటకం అనే మంచి మాట మనకి ఉంది, అయినా బ్యాలే అనే అంటాం. అసలు ఆ మాట ఎక్కడ పుట్టింది, దాని వెనక ఏం జరిగింది, అదే పని మన గుంటూరు జిల్లాలో ఎవరు చేశారు, ఈ మూడూ చూద్దాం.

ముందు బ్యాలే. ఇటాలియన్‌లో బల్లారే అంటే నాట్యం చేయడం. అందులోంచి బల్లెట్టో, ఫ్రెంచిలోకి వెళ్ళి బ్యాలే. ఇటలీ రాజాస్థానాల్లో విందులప్పుడు ఆడే ఆటగా మొదలైంది. కాతరీన్ ద మెదీచీ అనే ఇటలీ అమ్మాయి ఫ్రాన్స్ రాజకుటుంబానికి కోడలిగా వెళ్ళి, తర్వాత రాణి అయింది. ఆవిడ కాలంలో ఈ వేడుకలు అక్కడ బాగా పెరిగాయి. 1581లో పారిస్‌లో ఆడిన "బ్యాలే కొమిక్ ద లా రెన్"ని చాలామంది మొదటి బ్యాలేగా లెక్కేస్తారు. తర్వాత పద్నాలుగో లూయీ. ఈయన స్వయంగా డాన్సర్. 1653లో సూర్యుడి వేషం కట్టి ఆడాడు. "సూర్యరాజు" అనే పేరుకి ఆ వేషం బాగా కలిసొచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. 1661లో లూయీ నాట్యం కోసం ఒక రాజ అకాడమీ పెట్టాడు. ఆయన నాట్యగురువు పియెర్ బోషాం. పాదాలు పెట్టే ఐదు స్థానాలని ఒక పద్ధతిలో పెట్టింది ఈయనే అంటారు. 1700లో ఫ్యొయే అనే ఆయన అడుగుల్ని కాగితం మీద గుర్తులతో రాసే పుస్తకం అచ్చువేశాడు. 1713లో పారిస్ ఒపేరాకి అనుబంధంగా బడి మొదలైంది. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. మూడొందల ఏళ్ళు దాటింది.

అందుకే ఈరోజు టోక్యోలో క్లాసుకెళ్ళినా, న్యూయార్క్‌లో క్లాసుకెళ్ళినా టీచర్ ఫ్రెంచి మాటలే చెబుతారు. వినడానికి గొప్పగా ఉంటాయి గానీ అన్నీ ఇంట్లో వాడే మామూలు మాటలే. ప్లియే అంటే వంచినది, మోకాలు వంచడం. తాందూ అంటే చాచినది, కాలు చాచడం. జెతే అంటే విసిరినది, కాలు విసిరి దూకడం. పిరువెట్ అంటే ఒంటికాలి మీద గిరగిర తిరగడం. పా ద దే అంటే ఇద్దరి అడుగు. అంతే.

నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నాకు ఇది ఇలా అర్థమవుతుంది. డాక్యుమెంటేషన్ ఒక్కటే ఉంటే ప్రాజెక్టు బతకదు. దాన్ని రోజూ రన్ చేసే టీమ్ ఉండాలి. టీమ్ ఉండి డాక్యుమెంటేషన్ లేకపోయినా కొంతకాలం నడుస్తుంది, ఆ మనుషులు వెళ్ళిపోతే మాత్రం కష్టం. బ్యాలేకి రెండూ దొరికాయి. పుస్తకమూ దొరికింది, బడీ దొరికింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గుంటూరు నుంచి పొన్నూరు రోడ్డు ఎక్కితే చేబ్రోలు వస్తుంది. కోనేరు మధ్యలో ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడి చాలామంది చూసే ఉంటారు. ఆ ఊరి పాత పేరు తామ్రపురి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆ ఊరితో సంబంధం ఉన్న మనిషి జాయప సేనాని. గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి. ఈయన చెల్లెళ్ళు నారాంబ, పేరాంబ గణపతిదేవుడి రాణులు. జాయప తన తండ్రి చోడి పేరు మీద చేబ్రోలులో చోడేశ్వరాలయం కట్టించాడు. గుడిలో నాట్యం చేసే స్త్రీల కోసం మేడ ఇళ్ళు కట్టించిన సంగతి కూడా అక్కడి శాసనంలో ఉంది. అంటే నర్తకులకి కొలువుతో పాటు ఉండడానికి ఇల్లు కూడా ఇచ్చాడన్నమాట.

ఆ సేనానే 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో "నృత్తరత్నావళి" రాశాడు. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గం, అంటే భరతుడి నాట్యశాస్త్రం దారిలో వచ్చినది. చివరి నాలుగు దేశి, అంటే ఆయా ప్రాంతాల్లో జనం ఆడేది. పేరణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, కందుకం ఇలాంటివన్నీ ఇందులో వస్తాయి. గాల్లోకి ఎగిరి చేసేవాటికి ఉత్ప్లుతి అని పేరు. గిరగిర తిరిగేవాటికి భ్రమరి అని పేరు. జెతే, పిరువెట్ గుర్తొచ్చాయా? రెండూ ఒకటే అనడం లేదు. బ్యాలే ఒళ్ళు పైకి లేవాలని చూస్తుంది, మన నాట్యం అరమండిలో నేలకి దగ్గరగా కూర్చుంటుంది. కానీ కదలికకి పేరు పెట్టి, వివరం రాసి, తర్వాతివాళ్ళకి అందించాలన్న ఆలోచన ఒకటే. లూయీ అకాడమీ కంటే మనవాడు నాలుగొందల ఏళ్ళు ముందున్నాడు.

మరి మన దగ్గర ఏమైంది? పుస్తకం వి. రాఘవన్ గారి సంపాదకత్వంలో మద్రాసులో 1965లో అచ్చయింది. రాసిన ఏడొందల ఏళ్ళకి! తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తెలుగులోకి తెచ్చారు. పుస్తకం దక్కింది. ఆ మేడ ఇళ్ళలాంటి చోట్ల తరతరాలుగా ఆ విద్యని ఒంట్లో మోసిన ఆడవాళ్ళ సంగతే వేరుగా జరిగింది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో సంస్కర్తలు భోగం మేళాల మీద ఉద్యమం చేశారు. మన దగ్గర కందుకూరి వీరేశలింగం గారు అందులో ముందున్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. చిన్నపిల్లల్ని గుడికి అంకితమిచ్చే పద్ధతి పోవాల్సిందే, దాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ అదే చట్టం గుళ్ళలో, ఊరేగింపుల్లో వాళ్ళ నాట్యాన్ని కూడా ఆపేసింది. అన్యాయంతో పాటు విద్య కూడా పోయింది. అవమానం మాత్రం వాళ్ళకే మిగిలింది.

ఇక్కడ పారిస్‌ని మళ్ళీ గుర్తుచేసుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ ఒపేరాలో డాన్సర్లు ఎక్కువమంది పేదింటి అమ్మాయిలు. డబ్బున్న చందాదారులు స్టేజీ వెనక గదిలోకి నేరుగా వచ్చేవాళ్ళు. ఆ అమ్మాయిల గురించి ఊరు ఏమనుకునేదో వేరే చెప్పక్కర్లేదు. అయినా అక్కడ ఎవరూ బడి మూసేయలేదు. ఆ గది పద్ధతి కాలక్రమంలో పోయింది, బడి ఉంది, ఆట ఉంది.

ఇంకో సంగతి వినండి. 1838లో పాండిచ్చేరి దగ్గర్నుంచి కొందరు దేవదాసీలు పారిస్ వెళ్ళి ఆడారు. వాళ్ళలో అమని అనే ఆవిడ గురించి అక్కడి రచయిత గోతియే పొంగిపోయి రాశాడు. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మారియుస్ పెతిపా "లా బయదేర్" అనే బ్యాలే చేశాడు. దాని కథానాయిక మన దేశపు గుడి నర్తకి. ఆ బ్యాలే ఇప్పటికీ ప్రపంచమంతా ఆడుతున్నారు. అంటే గుడి నర్తకి వేషం అక్కడ ఇప్పటికీ చప్పట్లు కొట్టించుకుంటోంది. అది వచ్చిన సరిగ్గా డెబ్బై ఏళ్ళకి నిజం గుడి నర్తకి ఇక్కడ ఆడకూడదన్నారు.

మరి కూచిపూడి ఎలా నిలబడింది? అక్కడ ఆడింది మగవాళ్ళు, బ్రాహ్మణ కుటుంబాలు. వాళ్ళ మీద ఆ మచ్చ పడలేదు. దరువు, శబ్దం, జతి, కలాపం అనే మాటలు ఇంట్లోనే తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళాయి. తర్వాత వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడవాళ్ళకి నేర్పారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టారు. అక్కడ బడి కుదిరింది, కాబట్టి మాటలూ బతికాయి. వాళ్ళ కష్టం చిన్నదేం కాదు. కాకపోతే ఆ నిలబడ్డ కథ ఒక్కటే చెప్పి "మన నాట్య చరిత్ర ఇదే" అంటే సగం చెప్పినట్టే.

రెండో సగాన్ని వెతికినవాళ్ళూ ఉన్నారు. నటరాజ రామకృష్ణ గారు ఆ పాత కళాకారిణుల దగ్గరకి వెళ్ళి నేర్చుకుని, ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు. నృత్తరత్నావళినీ, రామప్ప గుడి శిల్పాలనీ పక్కపక్కన పెట్టుకుని పేరిణిని తిరిగి నిర్మించారు. పుస్తకం నుంచి ఒంట్లోకి తేవడం ఎంత కష్టమో ఆ పని చూస్తే తెలుస్తుంది.

కాబట్టి నేను అడిగేది రెండే. మీ ఇంట్లో పిల్లలు నాట్యం నేర్చుకుంటుంటే అడుగుతో పాటు దాని పేరు, ఆ పేరుకి అర్థం కూడా టీచర్‌ని అడగమనండి. రెండోది, మీ ఊళ్ళో ఒకప్పుడు మేళాల్లో ఆడిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ముందు గౌరవంగా పలకరించండి. ఆవిడ ఇష్టపడితేనే పదం, అడుగు రికార్డు చేయండి. ఇష్టం లేదంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీ ఊరి నాట్యం మాటలు ఏమైనా తెలిస్తే కామెంట్స్‌లో రాయండి. ఏ ఊరో కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.