బాధకు చికిత్స కలదు

“ఇక చేయదగినది ఏమియు లేదు; ఇంటికి తీసికొనిపొండు.” ఈ మాట మన కుటుంబములలో అనేకులు వినియే యుందురు. రోగము కుదురదని దాని భావమైనచో అది నిజము కావచ్చును. రోగికి చేయదగిన సేవయే లేదని భావమైనచో అది నిజము కాదు. రోగము నిలిచినను నొప్పిని తగ్గింపవచ్చును. ఆయాసమును, వాంతులను, నిద్రలేమిని తగ్గింపవచ్చును. ఈ పనికి పూనుకొన్న వైద్యమునకే ఉపశమన చికిత్స యని పేరు.

ఇది కడపటి దినములకే చెందినదని మనము తలచుచుందుము. అట్లు కాదు. కాన్సరు గాని, గుండెజబ్బు గాని ముదిరినప్పుడు అసలు చికిత్సతోపాటే దీనిని ఆరంభింపవచ్చును. నయము చేయు యత్నము విరమించిన పిదప, మిగిలిన దినములు శాంతముగా గడచుటకు జరుపు సేవను హాస్పిస్ అందురు. నర్సుగా పనిచేసి, పిమ్మట వైద్యవిద్య నభ్యసించిన సిసిలీ సాండర్స్ 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును నెలకొల్పిరి. నొప్పి దేహమునకే కాక మనస్సునకును, కుటుంబమునకును చెందినదని ఆమె చాటిరి. మన దేశమున 1986లో బొంబాయిలో శాంతి అవేద్న ఆశ్రమము వెలసినది. 1993లో కాలికట్టులో మొదలైన సంఘము సామాన్య పౌరులకు శిక్షణ నిచ్చి రోగుల యిండ్లకు పంపినది.

నల్లమందు నుండి తీయు మార్ఫిన్ పేరు వినగానే మనము బెదరుదుము. వైద్యుడు తగిన మోతాదు నిర్ణయించి, వేళ తప్పక ఇప్పించినచో, నొప్పికై దానిని వాడు రోగి వ్యసనపరుడగుట అరుదు. మలబద్ధము కలుగును, దానికి వేరొక మందు తోడుగా నిత్తురు. ఔషధములకై నల్లమందు పండించు మన దేశముననే, 1985 నాటి చట్టపు కట్టుదిట్టముల వలన ఈ మందు రోగులకు దుర్లభమైనది. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, అనుమతుల చిక్కులను సడలించినది. అయినను అన్ని ఊళ్లకు మందు చేరలేదు.

కనుక మనము అడుగవలెను. “నొప్పికి ఏమి చేయుదురు? ఉపశమన చికిత్స ఎచ్చట దొరకును?” అని వైద్యుని అడుగుదము. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రిలో ఈ విభాగము కలదు. రోగికి తెలియకుండ చాటున గుసగుసలాడుట మాని, ఏది బాధించుచున్నదో, ఎచ్చట ఉండగోరుచున్నారో రోగినే అడుగుదము. ఓర్చుకొమ్మని చెప్పుటకు ముందు, ఓర్వనవసరము లేని నొప్పిని తీర్చుట మన విధి.