పాల బండికి పది నిమిషాలు

(పాల సంఘాల కార్యదర్శులు, డ్రైవర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుగు కడిగి పాలు పితకమనీ, వేళకు మేత వేయమనీ మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను బండి గురించి చెబుతాను. ఊళ్లో పోసిన పాలు శీతలీకరణ కేంద్రం చేరేదాకా మనందరి కష్టం ఆ నాలుగు చక్రాల మీదే ఉంటుంది గదా!

మా సంఘానిది పాత మారుతి ఓమ్ని. 1984లో మార్కెట్లోకి వచ్చిన ఈ వ్యాను తయారీ 2019లో ఆగిపోయింది. కనుక ఇప్పుడు తిరుగుతున్నవన్నీ వయసు మళ్లుతున్న బండ్లే. 796 సి.సి. చిన్న ఇంజను, ముందు సీటు ఎత్తితే కనిపిస్తుంది. కనిపెట్టి చూసుకుంటే ఇంకా పని చేస్తుంది.

ఒక వేసవిలో మా బండి బెల్టు కీచుమనసాగింది. డ్రైవరు వచ్చి చెప్పాడు. "ఈ పక్షం బిల్లు రానీ, చూద్దాం" అన్నవాణ్ణి నేనే. మూడో రోజున, కేంద్రం నాలుగు కిలోమీటర్లుందనగా బెల్టు తెగింది. లోపల ఎనిమిది క్యాన్లు. ట్రాక్టరు దొరికి వెళ్లేసరికి రెండు గంటలు దాటింది. అక్కడ కాచి చూస్తే ఐదు క్యాన్ల పాలు విరిగిపోయాయి. కొత్త బెల్టు ఖరీదు ఒక్క క్యాను పాల విలువ కూడా చేయదు. ఒక్క గేదెతో ఇల్లు నెట్టుకొస్తున్న ఒకావిడ, "నేను పోసినవి మంచి పాలే గదా బాబూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఎండాకాలపు వేడిలో పాలలోని సూక్ష్మజీవులు సుమారు అరగంటకొకసారి రెట్టింపవుతాయి. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తేనే వాటి జోరు తగ్గుతుంది. బండి ఆగినంత మాత్రాన అవి ఆగవు.

బయలుదేరే ముందు

ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఇవి చూడాలి.

1. రేడియేటరు నీళ్లు గుర్తు దాకా ఉండాలి. ఇంజను వేడిగా ఉండగా మూత ఎన్నడూ తిప్పవద్దు. మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

2. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఆయిలు పుల్లను తుడిచి మళ్లీ ముంచి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. పాలు పోసిన టీ రంగులో కనిపిస్తే నీళ్లు కలిశాయన్నమాట. బండి తీయకుండా మెకానిక్కును పిలవండి.

3. ఇంజను ఆపి ఉంచి, బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. పగుళ్లు కనిపించినా, పోగులు లేచినా ఆ రోజే మార్చండి. కొత్తది ఒకటి ఎప్పుడూ బండిలో ఉంచండి.

4. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే లోపలి పలకలు మునిగి ఉండాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి, బావి నీళ్లు పనికిరావు. కొనల మీద తెల్లని పొడి పేరుకుంటే తీగలు విప్పి, వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరాక బిగించి వాజలైను రాయండి.

5. బ్రేకు తొక్కితే గట్టిగా నిలవాలి. మెత్తగా కిందికి జారితే ఆ పూట వేరే బండి చూసుకోండి.

6. టైర్ల గాలి, అరుగుదల చూడండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం కూడా ఆ టైరు పనికిరాదు.

దారిలో మొరాయిస్తే

తాళం తిప్పితే 'టక్'మని ఊరుకుని, దీపాలు మసకబారితే ముందు బ్యాటరీనీ దాని తీగలనూ చూడండి. ఇంజను బాగా తిరిగినా అందుకోకపోతే పెట్రోలు అందడం లేదు, లేదా ప్లగ్గుల్లో నిప్పురవ్వ రావడం లేదు. వానలో తడిస్తే ప్లగ్గు తీగలను పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఎర్రని బ్యాటరీ దీపం వెలిగి, వేడి ముల్లు కూడా పైకి పోతుంటే బెల్టు తెగిందని అనుమానించండి. ఈ ఇంజనులో డైనమోనూ నీళ్ల పంపునూ తిప్పేది ఆ బెల్టే. 'ఇంకెంత దూరం' అనుకుని నడిపితే ఇంజనే పోతుంది.

పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పవద్దు, దగ్గర బీడీ వెలిగించవద్దు.

పాలకు సంబంధించినవి

నలభై లీటర్ల పాలు 41 కిలోల పైచిలుకు, క్యాను బరువు అదనం. ఆర్.సి.లోని నిండు బరువులో నుంచి ఖాళీ బరువు తీసివేయండి. మిగిలినదే మీ హద్దు. డ్రైవరు బరువు కూడా అందులోనిదే.

ఒలికిన పాలు రబ్బరు చాప కిందికి చేరి పులిసి రేకును తినేస్తాయి. రోజూ చాప ఎత్తి కడిగి ఆరబెట్టండి. పెట్రోలు డబ్బా, ఆయిలు గుడ్డలు క్యాన్ల పక్కన ఉంచవద్దు. పాలు వాసనను ఇట్టే పట్టేస్తాయి.

చివరిగా ఒక మాట. బండిలో ఒక నోటుపుస్తకం కట్టండి. డ్రైవరు చూసినది రాయాలి, కార్యదర్శి రోజూ చదివి సంతకం చేయాలి. రిపేరుకు కొంత సొమ్ము ముందే విడిగా ఉంచండి. బండి ఆగితే పిలవడానికి ఇద్దరు ఆటోవాళ్ల ఫోను నంబర్లు పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి. ఆనాడు మా డ్రైవరు చెప్పాడు, నేను వినలేదు. మీరు వినండి.