అతని పేరు అడిగిన ప్రభువు



రాజమండ్రి సెంట్రల్ జైలు గోడను మీలో అనేకులు చూచి ఉంటారు. కొట్టినవాడు, నరికినవాడు లోపల ఉన్నాడు, ఇక మనకు భయం లేదనుకుంటూ ఆ గోడ దాటి వెళ్ళిపోతాం. మరి వానితోపాటు లోపలికి వెళ్ళిన కోపం ఏమవుతుంది?

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య బ్రతికిన మనుష్యుని జ్ఞాపకం చేసుకోండి. ఊరివారికి తెలిసిన మార్గం ఒక్కటే, సంకెళ్ళు. వాటిని అతడు తెంపేశాడు. ప్రభువైతే అతనితో మాట్లాడాడు, పేరేమిటని అడిగాడు.

ప్రతి ఖైదీకీ దయ్యం పట్టిందని నేను చెప్పడం లేదు. అడగనిదే తెలియదంటున్నాను. రోజూ త్రాగే అలవాటున్నవాడు జైలుకు వెళ్ళిన రెండు మూడు రోజులకు వణుకుతాడు, లేనివి కనబడుతున్నాయని అరుస్తాడు, ఎదుటివాని మీద పడతాడు. చూచేవారు పొగరంటారు. కాని అది త్రాగుడు ఒక్కసారిగా ఆగినందువల్ల వచ్చే జబ్బు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. మరొకనికి తలకు తగిలిన పాత దెబ్బ కారణం కావచ్చు. ఇంకొకనికి కేవలం భయం.

అయితే జైలులో అడగడం సులభం కాదు. చెప్పినది అధికారులకు చేరుతుందేమోనని ఒకడు దాస్తాడు. శిక్ష తగ్గుతుందేమోనని మరొకడు అన్నిటికీ ఔనంటాడు. కాదనే స్వేచ్ఛ లేనివాని ఔనును ఎలా నమ్మగలం? పైగా 2022 చివర మన దేశపు జైళ్ళలో 100 మందికి చోటున్న దగ్గర 131 మంది ఉన్నారు. నూటికి 76 మంది ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. అటువంటివానికి బెయిలు వస్తే మొదలైన వైద్యం మధ్యలోనే ఆగిపోవచ్చు.

ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలులోనైనా మానసిక వైద్య కేంద్రం ఉండాలని 2017 చట్టం చెబుతోంది. అది మంచిదే, కాని అది చాలదు. వివిధ దేశాల జైళ్ళలో జరిగిన 29 పరిశోధనలను 2021లో కొందరు పరిశోధకులు కలిపి పరిశీలించారు. లోపలి కౌన్సెలింగు వల్ల మళ్ళీ నేరం చేయడం అంతగా తగ్గలేదనీ, విడుదలైన తరువాత కూడా సహాయం సాగాలనీ వారు వ్రాశారు. లోపల కనిపించే నెమ్మది గోడవల్ల వచ్చిందా, మార్పువల్ల వచ్చిందా? బయటికి వచ్చాకే తెలుస్తుంది.

స్వస్థచిత్తుడైన ఆ మనుష్యుని ప్రభువు ఎక్కడికి పంపాడు? తన ఇంటికి, తనవారి యొద్దకు. ప్రియులారా, ఆ తనవారు మనమే. జైలునుండి వచ్చిన సహోదరుడు ఆదివారం మందిరంలో అడుగుపెడితే చాప మీద చోటిస్తారా? డాక్టరు ఇచ్చిన మాత్రలు ప్రార్థన పేరుతో మాన్పించకండి. వేళకు వేసుకున్నాడా అని అడగండి. అతనివల్ల దెబ్బతిన్న కుటుంబాన్నీ మరువకండి. వారి భయం న్యాయమైనది. క్షమించమని వారిని తొందరపెట్టకండి.

అతని నేరం మనందరికీ తెలుసు. ఈ వారం అతని పేరు అడగండి. అట్టి కృప దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.